మా అమ్మాయి మొదటి పాపసంకీర్తనం

మూడేళ్లపాటు నా ఇద్దరు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాను. తిరువూరులో ఈ మాట ఎవరితో అన్నా ముందు మావారి ఉద్యోగం పోయిందేమో అనుకునేవాళ్లు. కాదంటే పిల్లలకేదైనా జబ్బా అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు. అదీ కాదంటే ఇక మిగిలింది నేనే కాబట్టి నా వైపు జాలిగా చూసి వెళ్లిపోయేవాళ్లు.

నాకేం జబ్బు లేదు, ముక్కు మీద కోపం తప్ప. పెళ్లికి ముందు నుంచీ ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. మా పెద్దది అక్కడే ఒకటో తరగతిలో చేరింది. ఒకరోజు బూడిదరంగు సాక్సుకు బదులు తెల్లవి వేసుకొచ్చిందని దాన్ని రెండు పీరియడ్లు ఎండలో నిలబెట్టారు. నేను మూడు గదుల అవతల ఎక్కాలు చెప్పిస్తున్నాను, నాకు తెలియదు. తెలిశాక హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి ఏం మాట్లాడానో సగమే గుర్తుంది. మిగతా సగం వరండాలో నిలబడి విన్నవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటుతూ, "ఇవాళ్టి నుంచి నీ బడి మనింట్లోనే" అన్నాను. "మరి బెల్లు ఎవరు కొడతారు?" అని అడిగింది అది.

నెల రోజుల్లో నా కోపం దిగుతుంది, అప్పుడు వేరే స్కూల్లో వేద్దామని మావారు ఊరుకున్నారు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదని బాగా తెలిసిన మనిషి. ఆయన అనుకున్నట్టే నెల తిరిగేసరికి నా కోపం పోయింది. దాని స్థానంలో గర్వం వచ్చి కూర్చుంది. అది మాత్రం దిగలేదు.

ముందుగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి నల్లరంగు పూసిన ప్లైవుడ్ చెక్క. అదే మా బడి. పొద్దున్నే ప్రార్థన, ఎనిమిదిన్నరకి మా చిన్నవాడు గరిటెతో స్టీలు పళ్లెం మీద కొట్టే బెల్లు, ఆ తర్వాత తెలుగు, లెక్కలు. పన్నెండింటికి త్రికాల జపం చెప్పుకుని అన్నాలు. మధ్యాహ్నం సైన్సు, జ్ఞానోపదేశం. మేం కతోలికులం, మా పిల్లలకు చెప్పే మత పాఠాలను జ్ఞానోపదేశం అంటాం. పునీతుల, అంటే సెయింట్ల, పండగ వస్తే సగంపూట సెలవు. పునీతులు ఏడాది పొడుగునా ఉంటారని కనిపెట్టిన మా చిన్నవాడు రోజూ పొద్దున్నే కేలెండరు ముందు నిలబడేవాడు. సాయంత్రం మావారు చేతుల గ్రీజు కడుక్కుంటూనే స్పానర్ల సైజులు అడిగి పెద్దదానికి భిన్నాలు నేర్పేవారు.

పాఠాల విషయంలో నేను సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బాగా చెప్పాను. పిల్లలు బాగా నేర్చుకున్నారు. నా సిగ్గంతా వేరేచోట ఉంది. చెప్పడానికి ధైర్యం చాలక ముందు బల్ల గురించీ బెల్లు గురించీ రాస్తున్నాను.

మా పెద్దది మధ్యాహ్నం అన్నం కంచంలో తినేది కాదు. టిఫిను డబ్బాలో సర్ది ఇమ్మనేది. అది పట్టుకెళ్లి వీధి మెట్ల మీద కూర్చుని తినేది. వంటగదికీ మెట్లకీ మధ్య పది అడుగులుంటాయేమో. నాకది ముద్దొచ్చి చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పి నవ్వాను. ఎనిమిదింటికి సందు చివర స్కూలు బస్సులు హారన్ కొట్టే వేళకి చెంబు పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. మొక్కలకి నీళ్లు పోస్తోంది కాబోలనుకున్నాను. ఆ చెంబులో నీళ్లుండేవి కావని చాలా తర్వాత తట్టింది.

మూడో ఏడు ఒక ఆదివారం, పూజ అయ్యాక మా గుడి ఫాదర్ గారు నన్ను పక్కకి పిలిచారు. "పిల్లని బడికి పంపరాదామ్మా? పాఠాలు నువ్వు చెప్పగలవు. తోటిపిల్లల్ని ఎక్కణ్ణించి తెస్తావు?" అన్నారు. ఆయన మెల్లగానే అన్నారు. నేనే నలుగురూ వినేలా జవాబిచ్చాను. బళ్లలో ఏం జరుగుతుందో, ఎండలో ఎవర్ని నిలబెడతారో అంతా ఏకరువు పెట్టి, చివర్లో, "దాన్నే అడగండి ఫాదర్. బడి కావాలని ఒక్కసారి అంటే రేపే చేర్పిస్తాను" అన్నాను. అది నా కొంగు పట్టుకుని పక్కనే ఉంది. ఫాదర్ గారు దాని వైపు చూశారు. అది నా మొహంలోకి చూసింది. "వద్దు ఫాదర్" అంది.

నేను గెలిచాననుకున్నాను. ఇంటికొచ్చేదాకా ఆ గెలుపు నెమరేసుకుంటూనే ఉన్నాను.

ఆ వానాకాలంలోనే నాకు డెంగీ వచ్చింది. అయిదు రోజులు ఆసుపత్రిలో, ఇంకో పదిహేను రోజులు ఇంట్లో మంచం మీద. మా పెద్దదానికి అప్పటికి ఎనిమిది నిండి తొమ్మిది నడుస్తోంది. నా మంచం పక్కనుంచి కదల్లేదు. నుదుటి మీద తడిగుడ్డ మార్చేది, కొబ్బరినీళ్లు చెంచాతో పట్టేది, నేను మూలిగితే అది ఏడ్చేది. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లకీ, "చూశారా, ఇంట్లో చదివితే పిల్లలు ఇలా ఉంటారు" అని మంచం మీద నుంచే చెప్పాను. లేచి కూర్చునే ఓపిక లేదు గానీ గొప్పలకి మాత్రం ఓపికుంది.

తర్వాతి వేసవిలో దానికి మొదటి దివ్యసత్ప్రసాదం. పూజలో గురువు, అంటే ఫాదర్, అందించే చిన్న తెల్లని అప్పం క్రీస్తు శరీరమని మా నమ్మకం. అది మొదటిసారి తీసుకునే రోజు మా పిల్లలకి పెళ్లంత పండగ. ముందురోజు పాపసంకీర్తనం చెయ్యాలి. అంటే గురువు దగ్గర మోకరించి, చేసిన తప్పులన్నీ నోటితో చెప్పుకుని క్షమాపణ పొందాలి. మిగతా పిల్లలకి సిస్టర్లు గుడిలో క్లాసులు పెట్టారు. నా పిల్లకి నేనే చెప్పుకుంటానన్నాను. ఫాదర్ గారు సరేనన్నారు. అంతకుముందు ఒకసారి నాతో మాట్లాడిన అనుభవం ఉంది కదా పాపం.

దానికోసం ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. శనివారం సాయంత్రం జపమాల అయ్యాక ఎవరి తప్పులు వాళ్లు కాగితం మీద రాసుకుని, మడిచి, మరియమాత స్వరూపం ముందున్న రేకు డబ్బాలో వెయ్యాలి. పాపసంకీర్తనం రోజున ఎవరివి వాళ్లు తీసుకుని చదువుకోవాలి. చెప్పి వచ్చాక కాల్చెయ్యాలి. "ఇవి దేవుడు తప్ప ఎవరూ చూడరు. మమ్మీ కూడా చూడదు" అని మాటిచ్చాను. ఇంకో రెండు సంగతులు కంఠతా పట్టించాను. తెలిసి తెలిసి ఒక్క పాపం దాచినా ఆ పాపసంకీర్తనం చెల్లదు. అలా దాచిపెట్టి సత్ప్రసాదం తీసుకుంటే అది అన్నిటికన్నా పెద్ద పాపం. ఎప్పుడడిగినా మా పెద్దది తడుముకోకుండా చెప్పేది. నాకు ఒళ్లు పులకరించేది.

పండగ గౌనుకి తెల్లగుడ్డ తీసుకుని, కొలతకి పాత గౌను పట్టుకుని, బస్టాండు వెనక వీధిలో బట్టలు కుట్టే ముస్లిం ఆంటీ దగ్గరికి వెళ్లాను. మా ఇంట్లో జాకెట్లన్నీ ఆవిడే కుడతారు. ఇచ్చిరావడానికీ తేవడానికీ మా పెద్దదాన్నే పంపేదాన్ని. ఆవిడ టేపు మెళ్లో వేసుకుంటూ, "పాపది నాలుగో తరగతి బి సెక్షన్ కదమ్మా? మా మనవరాలిదీ అదే బడి, అదే సెక్షను. ఎప్పుడూ కనపళ్లేదంటదేంటి?" అన్నారు. నవ్వుతూ ఏదో అనేసి బయటపడ్డాను. వీధి మలుపు తిరిగేసరికి చెవులు వేడెక్కిపోయాయి.

నా కూతురు అబద్ధమాడిందా? ఆడి ఉంటే కాగితంలో రాసే ఉంటుంది. నేను నేర్పిన పిల్ల, దేవుడి దగ్గర దాచదు. దాని నిజాయితీ మీద ఉన్న నమ్మకంతోనే డబ్బా మూత తీశాను. మావారు పిల్లలిద్దర్నీ మామిడికాయలు కొనడానికి రెడ్డిగూడెం తీసుకెళ్లారు. ఇంట్లో ఎవరూ లేరు. అయినా తలుపు గడియ పెట్టాను. అంటే చేసేది తప్పని నాకు తెలుసు.

నేను నేర్పిన గుండ్రటి చేతిరాత. అంకెలు వేసి రాసింది.

ఒకటి, తమ్ముడి రంగు పెన్సిలు దాచాను. రెండు, జపమాలలో నిద్రపోయాను. మూడు, కుట్టే ఆంటీకీ కొట్టు తాతకీ నేను బడికి వెళ్తున్నానని అబద్ధం చెప్పాను, చాలాసార్లు. నాలుగు, మమ్మీకి జ్వరం రావాలని ప్రార్థన చేశాను. మమ్మీ పాఠాలు చెప్పలేకపోతే డాడీ నన్ను బడిలో వేస్తారని. మమ్మీకి జ్వరం వచ్చింది. నా వల్లే వచ్చింది.

ఇక్కడ ఏ తల్లికైనా ఏడుపు రావాలి. తొమ్మిదేళ్ల పిల్ల అన్ని నెలలు ఆ బరువు మోసుకుంటూ తిరిగింది. తల్లిని తనే చంపబోయాననుకుని మంచం పక్కన కూర్చుని తడిగుడ్డలు మార్చింది. నాకు ఏడుపు రాలేదు. మొట్టమొదట నా కళ్ల ముందు మెదిలింది ఫాదర్ గారి మొహం. "దాన్నే అడగండి ఫాదర్" అన్న నా గొంతు. శనివారం అది ఆయన ముందు మోకరించి ఈ నాలుగూ చదివితే ఆయనకంతా తెలిసిపోతుంది. పాపసంకీర్తనంలో విన్నది గురువు ప్రాణం పోయినా బయటపెట్టడని నాకు తెలుసు, ఆ పాఠం కూడా నేనే చెప్పాను. ఆయన ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆయనకి తెలిస్తే చాలు, నా తల కొట్టేసినట్టవుతుంది.

మర్నాడు మధ్యాహ్నం చింతపండు పిక్కలు తీయడానికి దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. కాసేపయ్యాక మామూలుగా అన్నట్టు అన్నాను. "శనివారం ఫాదర్ గారి దగ్గర మొదటి రెండూ చెప్పు. మూడోదీ నాలుగోదీ చెప్పక్కర్లేదు."

దాని చేతులు ఆగిపోయాయి. "నా కాగితం చదివావా?"

"అమ్మని కదా. నీ మంచికే చూశాను."

"దేవుడు తప్ప ఎవరూ చూడరన్నావు."

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. అప్పుడూ వచ్చింది. "ఇంటి సంగతులు ఊరంతా చెప్పుకుంటారా? నా గురించే కదా రాశావు. నాకు తెలిసిపోయింది. నేను క్షమించేశాను. అయిపోయింది" అన్నాను.

"మరి దాచినట్టు అవ్వదా మమ్మీ?"

"అవ్వదు. నేను చెప్తున్నాగా."

మూడేళ్లుగా దానికి బడి నేనే. ఆ మధ్యాహ్నం చింతపండు ముందు కూర్చుని గుడి కూడా నేనే అయిపోయాను. అది తలొంచుకుని పిక్కలు తీసింది. జ్వరం నీ వల్ల రాలేదమ్మా అన్న ఒక్క మాట నా నోటికి రాలేదు. దాచుకున్నాననీ చెప్పలేను. అసలు తట్టనే లేదు.

శనివారం సాయంత్రం గుడిలో పన్నెండు మంది పిల్లలు వరసగా కూర్చున్నారు. మాది లోపలికి వెళ్లి రెండు నిమిషాల్లో వచ్చేసింది. అంత తొందరగా ఎవరూ రాలేదు. మోకరించి పరిహార జపం చెప్పుకుంది. నేను హమ్మయ్య అనుకున్నాను. పిల్లల తర్వాత పెద్దవాళ్ల వంతు. నేనూ వెళ్లాను. కోపిష్టిదాన్నని చెప్పాను, రెండు శుక్రవారాలు ఒక్కపొద్దు తప్పానని చెప్పాను. రేకు డబ్బా మూత తీశానని చెప్పలేదు. పిల్ల నోరు నొక్కేశానని చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. తెల్లగౌను, తలమీద మేలిముసుగు, చేతిలో కొవ్వొత్తి. ఆంటీ ఎంత బాగా కుట్టారంటే పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా ఎవరు కుట్టారని అడిగారు. మేం రెండో వరసలో కూర్చున్నాం. సత్ప్రసాదం వేళకి పిల్లలు ఇద్దరిద్దరుగా ముందుకు కదిలారు. మావారు ఫోను తీసి పట్టుకున్నారు. మా పెద్దది నాలుగో జతలో ఉంది.

దాని వంతు వచ్చింది. ఫాదర్ గారు అప్పం పైకెత్తి చూపించారు. అది ఆమెన్ అనాలి, నాలుక చాపాలి. ఇంట్లో బిస్కెట్ ముక్కలతో నలభైసార్లు చేయించాను. అది రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. ఫాదర్ గారు ఒక్క క్షణం ఆగారు. దాని తలమీద చెయ్యి పెట్టి దీవించి పక్క పిల్లవైపు తిరిగారు. అది వచ్చి తన చోట మోకరించింది. ఏడవలేదు. గుడి అంతా మా వరసకేసి చూస్తోందని నా వీపుకి తెలుస్తోంది.

అప్పుడు పెద్దవాళ్లు వెళ్లే వంతు వచ్చింది. నేనూ వెళ్లకపోతే జనం ఇంకేమనుకుంటారోనన్న భయంతో లేచాను. ఆ రోజు మా ఇంట్లో ఆ ప్రసాదం ముట్టకూడని మనిషి ఒకతే ఉంది. వెళ్లి చేతులు చాచి తీసుకుని, కూతురి పక్కనుంచే నడిచి వచ్చి కళ్లు మూసుకున్నాను. బయటికొచ్చాక సిస్టర్ గారు కంగారుగా, "పాపకి ఒంట్లో బాలేదామ్మా?" అని అడిగారు. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు సిస్టర్, కళ్లు తిరిగాయంట" అని చెప్పాను. ఎంత సునాయాసంగా వచ్చిందో ఆ మాట.

మధ్యాహ్నం మావారికి జరిగింది చెప్పాను, కొంచెం నాకు అనుకూలంగానే. ఆయన నన్నేమీ అనలేదు. అని ఉంటే తిరిగి అనేదాన్ని, కాస్త తేలికపడేదాన్ని. మర్నాడు సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే దాన్ని బండెక్కించుకుని ఆయనే ఫాదర్ గారి దగ్గరికి తీసుకెళ్లారు. చాలాసేపటికి వచ్చారు. అది చెప్పులు విప్పకుండానే వంటగదిలోకి పరుగెత్తుకొచ్చి, "మమ్మీ, జ్వరం దోమల వల్లే వస్తుందంట. ప్రార్థన చేస్తే రాదంట. ఫాదర్ గారు చెప్పారు" అంది. దోమ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, డెంగీ ఎలా వస్తుందో నల్లచెక్క మీద దానికి అంతకుముందే నేనే పాఠం చెప్పి ఉన్నాను. తర్వాతి ఆదివారం, మామూలు పూల గౌనులో, ఎవరూ ఫోటోలు తీయకుండా అది సత్ప్రసాదం తీసుకుంది. జూన్‌లో ఇద్దర్నీ బడిలో చేర్పించాం. ఇప్పుడది హైస్కూల్లో చదువుతోంది. మంచి పిల్లని అందరూ అంటారు. నేను బాగా పెంచానని కూడా అంటారు.

అది ప్రసాదం వద్దన్న ఆదివారం ఇంటికొస్తూ ఆటోలో జరిగింది ఒకటి ఉంది. దాన్ని దాటేసి ఇక్కడితో ఆపేద్దామనే చూశాను. మావారూ చిన్నవాడూ బండి మీద ముందు వెళ్లిపోయారు. గౌను నలుగుతుందని మేమిద్దరం ఆటో ఎక్కాం. బోసుబొమ్మ సెంటరు దగ్గర... దారి సంగతులేవో చెప్పి మళ్లీ దాటవెయ్యను. ఆటో కదిలాక అడిగాను.

"ఎందుకు తీసుకోలేదు?"

"దాచిపెట్టి తీసుకోకూడదని చెప్పావు కదా."

"మరి ఆ రెండూ ఫాదర్ గారికి చెప్పేయాల్సింది."

"చెప్పొద్దని చెప్పావు కదా." ఎదురు చెప్పడం కాదది. నేను చెప్పిన రెండు మాటలూ వినడానికి దానికి దొరికిన దారి అదొక్కటే. మేలిముసుగు చివర వేలికి చుట్టుకుంది. తర్వాత నా మొహంలోకి చూసింది. దాని కళ్లలో నిజంగా భయం ఉంది.

"మమ్మీ, నువ్వు తీసుకున్నావు కదా. నా కాగితం చదివానని ఫాదర్ గారికి చెప్పావా?"

"చెప్పాను" అన్నాను.

"ఎప్పుడు?"

"నిన్ననే. నీ తర్వాత."

అది గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే నీకేం కాదులే మమ్మీ" అని నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.